పైలట్లను చూసి ఎంచుకోండి: భారీ రోబోల యానిమేలో ఏది ముందు, ఏది తర్వాత

భారీ రోబోల యానిమే, అంటే జపాన్ యానిమేషన్ కథలు, మొదలుపెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా అడిగేది "ఏ రోబో బాగుంటుంది?" అని. బొమ్మల కంపెనీల పుణ్యమా అని రోబోలన్నీ బాగానే ఉంటాయి. 18 మీటర్ల ఉక్కు విగ్రహం వీపు మీది కత్తి దూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఆ పులకరింత మూడో ఎపిసోడ్ దాటదు. ఆ తర్వాత మనల్ని కదలకుండా కూర్చోబెట్టేది కాక్‌పిట్‌లో ఉన్న మనిషి, అతనికి ఎదురుగా వచ్చే రెండో మనిషి. వాళ్లిద్దరి మధ్య ఉన్నది పగా, వృత్తిలో పోటీయా, పాత స్నేహమా, మొహం కూడా చూడకుండా పుట్టిన ద్వేషమా అన్నది ముందే తెలిస్తే, ఏ సిరీస్ మీకు పడుతుందో సగం తేలిపోయినట్టే.

నా కొలబద్ద ఒక్కటే. ప్రత్యర్థికి తనదైన న్యాయం ఉండాలి. పౌరాణిక నాటకంలో సుయోధనుడు పద్యం ఎత్తుకుంటే పందిరి అదిరేలా చప్పట్లు కొట్టిన ప్రేక్షకులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. హీరోను అడ్డుకోవడం తప్ప వేరే పని లేని ప్రత్యర్థి ఎంత అందమైన రోబోలో వచ్చినా పది ఎపిసోడ్లకు విసుగు పుట్టిస్తాడు. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది: ఇద్దరినీ రోబోల్లోంచి దించి ఎదురెదురుగా నిలబెట్టినప్పుడు ఆ సన్నివేశం నిలబడుతోందా లేదా? కింద చెప్పబోయే వాటిలో మంచివన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి.

పోలికకు నేను తీసుకున్నవి ప్రధానంగా నాలుగు. 1979లో మొదలైన "మొబైల్ సూట్ గన్‌డమ్", 1994-95లో వచ్చిన "మాక్రాస్ ప్లస్", 2002-03 నాటి "గన్‌డమ్ సీడ్", 2006-08 మధ్య ప్రసారమైన "కోడ్ గియాస్". వీటికి తోడు, కొన్ని రకాల ప్రేక్షకులకు మాత్రమే సరిపోయేవి రెండున్నాయి. వాటి మాట చివర్లో.

మాక్రాస్ ప్లస్: సమయం తక్కువ ఉన్నవాళ్లకు

ఒక్కటే చూస్తాను, ఏదో చెప్పండి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే. మొత్తం నాలుగు ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు 40 నిమిషాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే సాయంత్రం టీ వేళకు అయిపోతుంది. షోజి కవమోరి, షినిచిరో వతనబే దర్శకత్వం, కెయికో నొబుమోతో రచన, యోకో కన్నో సంగీతం. చేతితో గీసిన యానిమేషన్ ఎక్కడిదాకా వెళ్లగలదో చూడాలంటే ఇందులోని గగనతల పోరాటాలు చూడాలి. క్షిపణులు పొగతోకలతో మెలికలు తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి అల్లుకుంటూ విమానాన్ని తరిమే దృశ్యాలకు ఇచిరో ఇతానో అనే యానిమేటర్ పేరు మీదే "ఇతానో సర్కస్" అన్న పేరు స్థిరపడింది. ఆయన ఈ సిరీస్‌కు కూడా పనిచేశారు.

కథ 2040లో, ఈడెన్ అనే గ్రహం మీద జరుగుతుంది. సైన్యానికి కొత్త యుద్ధవిమానం కావాలి. రెండు కంపెనీలు చెరొక నమూనా తయారుచేశాయి. వాటిని పరీక్షించే పైలట్లు ఇసాము డైసన్, గుల్డ్ బోమన్. చిన్నప్పుడు విడదీయలేని స్నేహితులు. ఏడేళ్ల కిందట ఏదో జరిగి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. వాళ్లతో కలిసి పెరిగిన మ్యుంగ్ అనే అమ్మాయి కూడా అదే సమయంలో ఆ గ్రహానికి తిరిగొస్తుంది. చెబుతుంటే పాత ముక్కోణపు ప్రేమకథలా ఉందని మీరు అనుకోవచ్చు. నిజమే, ఎముకల గూడు అదే. దాని మీద కట్టిన కండే వేరు.

రెండు విమానాలనూ దగ్గరగా చూడండి. ఇసాము నడిపే వైఎఫ్-19ను చేతులతో, కాళ్లతో, పైలట్ ఒడుపుతో నడపాలి. క్రమశిక్షణ లేక ప్రతి దళం నుంచీ బదిలీ అయ్యే దుందుడుకు మనిషికి తగ్గ యంత్రం అది. గుల్డ్ నడిపే వైఎఫ్-21 పైలట్ ఆలోచనను నేరుగా అందుకుని కదులుతుంది. గుల్డ్ సగం జెంట్రాడీ, అంటే ఒకప్పుడు మనుషులతో యుద్ధం చేసిన భారీకాయుల జాతి రక్తం అతనిలో ఉంది. ఆ రక్తంలోని ఆవేశాన్ని అణుచుకుంటూ, ఇస్త్రీ చలవ చేసిన చొక్కాలాంటి నిదానంతో బతుకుతుంటాడు. తన కోపాన్ని తానే నమ్మలేని మనిషి చేతికి మనసుతో నడిచే విమానం ఇచ్చారు. మనసు చెదిరితే రెక్క చెదురుతుంది. ఒక్క మాట కూడా వాడకుండా, యంత్రం ద్వారానే పాత్రను చెప్పడం అంటే ఇదీ.

వీళ్లిద్దరూ ఒకరినొకరు ఓడించుకోవాలని తహతహలాడుతుంటే, పక్కనుంచి మూడో పోటీదారు వస్తుంది: పైలటే అక్కరలేని ఘోస్ట్ ఎక్స్-9 అనే యుద్ధవిమానం. అది సిద్ధమైందని తేలగానే పైలట్లున్న విమానాల పథకమే రద్దవుతుంది. మరోవైపు షారన్ యాపిల్ అనే కృత్రిమ గాయని లక్షలమందిని మంత్రముగ్ధుల్ని చేస్తుంటుంది. ఆమెకు కావలసిన భావోద్వేగాలను తెరవెనక మ్యుంగ్ అందిస్తోందన్న సంగతి ప్రేక్షకులకు తెలియదు. 1994లో ఇది ఊహ. ఈ రోజు చూస్తుంటే వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు తమ పగతో తాము తలమునకలై ఉండగా వాళ్ల పనే లేకుండా పోతుందన్న ఆ చేదు ఈ సిరీస్‌కు మిగతా ఏ రోబో కథకూ లేని బరువునిచ్చింది.

లోపాలు లేవా? ఉన్నాయి. ఏడేళ్ల కిందట ఏం జరిగిందో చివర్లో తెలుస్తుంది. అది మ్యుంగ్‌కు జరిగిన అన్యాయం. కథ మాత్రం దాన్ని ఇద్దరు స్నేహితుల మధ్య వ్యవహారంగా చూసి, ఆకాశంలోనే తేల్చేస్తుంది. ఆమె పక్షాన నిలబడి ఎవరూ మాట్లాడరు. ఇది నాకు ఇప్పటికీ గుచ్చుకునే విషయం. రెండోది, ఇందులో రోబో రూపం కన్నా విమాన రూపమే ఎక్కువసేపు కనిపిస్తుంది. కాళ్లూ చేతులూ మొలిచి పిడిగుద్దులు గుద్దుకోవాలని ఆశించేవాళ్లకు కాస్త వెలితిగా ఉంటుంది.

దీన్నే సినిమాగా కుదించి 1995లో విడుదల చేశారు. అందులో కొన్ని కొత్త దృశ్యాలున్నా, మొదటిసారి చూసేవాళ్లు నాలుగు ఎపిసోడ్ల రూపాన్నే ఎంచుకోవాలి. పాత్రలకు ఊపిరాడేది అక్కడే. మాక్రాస్ మిగతా సిరీస్‌లు చూసి ఉండాలన్న నియమం ఏమీ లేదు.

1979 గన్‌డమ్: ఓపిక ఉంటే దీన్ని మించింది లేదు

అన్నిటికీ మూలం ఇదే. యోషియుకి తొమినో దర్శకత్వంలో 1979 ఏప్రిల్‌లో మొదలైన ఈ సిరీస్‌కు మొదట్లో ఆదరణ లేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించారు. పునఃప్రసారాలు, 1980లో బందాయ్ తెచ్చిన ప్లాస్టిక్ నమూనాలు దీన్ని నిలబెట్టాయి. రోబో ఒంటి మీద తెలుపు, నీలం, ఎరుపు, పసుపు ఎందుకు కలిసి ఉన్నాయంటే పిల్లల బొమ్మల అంగడి కోసం. గన్‌డమ్ అనే ఆ రంగుల రోబోలోకి ఎక్కేది మాత్రం యుద్ధమంటే భయపడే, ఎక్కనని మొండికేసే 15 ఏళ్ల అమురో రే.

ఎదుటివాడు షార్ అజ్నబుల్. ముఖానికి ముసుగు, ఎర్రని జాకు రోబో, మామూలు జాకు కన్నా మూడు రెట్లు వేగం. అతని వయసు 20 ఏళ్లే అని తెలిసినప్పుడు చాలామంది నమ్మరు, అంత తొణకని మనిషి. ఈ పోటీలో గొప్పదనం ఏమిటంటే, షార్ అసలు శత్రువు అమురో కానే కాదు. తాను ఏ జియాన్ రాజ్యం కోసం పోరాడుతున్నాడో, ఆ రాజ్యాన్ని ఏలే జాబీ కుటుంబమే అతని లక్ష్యం. తండ్రి స్థాపించిన రాజ్యాన్ని వాళ్లు చేజిక్కించుకున్నారన్న పగతో, వేరే పేరు పెట్టుకుని వాళ్ల సైన్యంలోనే చేరాడు. సైనిక పాఠశాలలో తనతో చదివిన గార్మా జాబీకి స్నేహితుడిలా పక్కనే ఉండి, తప్పుడు సమాచారమిచ్చి, శత్రువు తుపాకుల ముందుకు పంపిస్తాడు. అది పదో ఎపిసోడ్. పిల్లల కార్యక్రమం అనుకుని చూస్తున్న వాళ్లకు నోట మాట రాదు. ఆ శత్రువు తుపాకులంటే అమురో ఉన్న ఓడవే. అంటే హీరో, తనకు తెలియకుండానే, ప్రత్యర్థి పగకు పనిముట్టు అయ్యాడు.

ఇక నేను చెప్పిన పరీక్ష. ఇద్దరూ రోబోలు లేకుండా ఎదురుపడే సన్నివేశం సిరీస్ చివరి భాగంలో ఉంది, అంతరిక్షంలోని ఒక తటస్థ కాలనీలో. అమురో కారు బురదలో కూరుకుపోయింది. అటుగా వచ్చిన ఇంకో కారులోంచి షార్ దిగి, తీగ కట్టి, దాన్ని బయటికి లాగి సాయం చేస్తాడు. ఆ కుర్రాడెవరో అతనికి తెలియదు. అమురోకి తెలుసు. ఇన్నాళ్లూ తనను చంపడానికి వస్తున్న మనిషి బురదలో నిలబడి తన పేరు, వయసు అడుగుతున్నాడు. గొంతు పెగలడం లేదు. తుపాకీ లేదు, పేలుడు లేదు. మొత్తం సిరీస్‌లో నరాలు ఇంతగా బిగుసుకునే దృశ్యం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఆ కారులో లాలా సూన్ అనే అమ్మాయి కూడా ఉంది. ముదురు రంగు, నుదుట బొట్టు. చూడగానే మన దేశపు పిల్ల అనిపిస్తుంది. అమురో, షార్‌ల పోరు యుద్ధంలోని పోరుగా మొదలై, జీవితాంతం వెంటాడే సొంత గొడవగా మారేది ఆమె వల్లే. ఆమెను మనిషిగా కన్నా అంతుపట్టని మార్మిక శక్తిగా ఎక్కువ చూపించారన్నది నా ఫిర్యాదు. ఆమెకు ఇంకాస్త మాట, ఇంకాస్త కోపం ఇచ్చి ఉండాల్సింది.

అంత భవిష్యత్తులో మనిషి ఆకారపు రోబోలు ఎందుకు, దూరం నుంచే క్షిపణులు వేసుకోవచ్చు కదా అని లెక్కలవాళ్లు అడుగుతారు. దానికీ జవాబు సిద్ధం చేసుకున్నారు. మినోవ్‌స్కీ కణాలు చల్లితే రాడార్ పనిచేయదు. కంటితో చూసి, దగ్గరికి వెళ్లి కొట్టుకోవాల్సిందే. భౌతికశాస్త్రం మాట ఎలా ఉన్నా, నాటకానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు: దగ్గరికి వస్తేనే పోరు, దగ్గరికి వస్తేనే మాట.

అయితే ఇది 1979 నాటి టీవీ బొమ్మ. గీతలు వణుకుతాయి, కొన్ని ఎపిసోడ్లలో ముఖాలే మారిపోతాయి. అందుకే 43 ఎపిసోడ్ల బదులు 1981, 1982లో వచ్చిన మూడు సినిమాలు చూడమంటాను. ఒక్కొక్కటి రెండు గంటల పైచిలుకు. బొమ్మల కంపెనీ ఒత్తిడితో టీవీలో జొప్పించిన జీ-ఆర్మర్ అనే అతుకుల వాహనాన్ని సినిమాల్లో తీసేశారు. మూడో సినిమాలో చాలా భాగం కొత్తగా గీశారు. బురద సన్నివేశం, చివరి పోరాటం అందులోనే ఉన్నాయి. ఆ చివరి పోరాటంలో రోబోలు ధ్వంసమయ్యాక ఇద్దరూ కాక్‌పిట్లు దిగి, కత్తులు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడతారు. అక్కడికీ కథ తేలదు. 1985లో వచ్చిన "జీటా గన్‌డమ్"లో ఇద్దరూ ఒకే పక్షాన ఉంటారు. వాళ్ల లెక్క 1988 నాటి "షార్స్ కౌంటర్‌ఎటాక్" సినిమాలో తేలుతుంది. అంతదూరం వెళ్లాలా వద్దా అన్నది మూడో సినిమా అయ్యాక మీరే నిర్ణయించుకుంటారు. నా అంచనా, వెళ్తారు.

గన్‌డమ్ సీడ్: స్నేహితుడే శత్రువైతే

పాత బొమ్మలు చూడలేను, కానీ గన్‌డమ్ కావాలి అనేవాళ్లు తరచుగా వచ్చి ఆగేది ఇక్కడ. మిత్సువో ఫుకుదా దర్శకత్వంలో 50 ఎపిసోడ్లు. కిరా యమాతో, అథ్రన్ జాలా చిన్నప్పటి ప్రాణస్నేహితులు. జన్యువులను మార్చి పుట్టించిన కోఆర్డినేటర్లకూ మామూలు మనుషులకూ యుద్ధం. కిరా పుట్టుకతో కోఆర్డినేటరే అయినా, తోటి విద్యార్థులను కాపాడుకోవడానికి మామూలు మనుషుల పక్షాన రోబో ఎక్కుతాడు. ఎదుటి రోబోలో అథ్రన్.

ఇందులోనూ ఒక మంచి సన్నివేశం ఉంది. ఒకప్పుడు అథ్రన్ తన చేత్తో చేసి కిరాకు ఇచ్చిన చిన్న ఆకుపచ్చ యంత్రపు పిట్ట ఎగురుకుంటూ వెళ్లి, మారువేషంలో ఉన్న అథ్రన్ దగ్గర వాలుతుంది. దాన్ని వెతుక్కుంటూ కిరా వస్తాడు. మధ్యలో కంచె. చుట్టూ ఇరుపక్షాల మనుషులు. ఇద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్లలా రెండు మాటలు మాట్లాడుకుని పిట్టను ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ తర్వాత కొద్ది ఎపిసోడ్లకే ఒకరినొకరు చంపుకోవడానికి సిద్ధపడే పోరు వస్తుంది. సిరీస్ మొత్తానికి శిఖరం అదే.

సమస్య శిఖరం తర్వాతి దిగుడులో ఉంది. రెండో సగంలో ఇద్దరూ కలిసిపోయాక, వాళ్ల స్థానంలో నిలబడగల ప్రత్యర్థి దొరకలేదు. పైగా పాత దృశ్యాలనే మళ్లీ మళ్లీ అతికించి వాడుకునే అలవాటు ఈ సిరీస్‌కు మహా ఎక్కువ. ఒకే రోబో ఒకే భంగిమలో ఒకే తుపాకీ ఎన్నిసార్లు పేలుస్తుందో లెక్కపెట్టడం అభిమానులకే ఒక కాలక్షేపం. ఏడుపులు, అరుపులు, నినాదాలు కాస్త ఎక్కువే. టీవీ సీరియళ్ల స్థాయి భావోద్వేగం మీకు ఇష్టమైతే ఇవేవీ అడ్డు రావు, హాయిగా చూస్తారు. నాలాంటివాళ్లు 30 ఎపిసోడ్ల దాకా ప్రాణంగా చూసి, ఆ తర్వాత మర్యాద కోసం చూస్తారు.

కోడ్ గియాస్: ఎత్తులు, పైఎత్తులు

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. కోడ్ గియాస్‌ను చాలామంది లెలూష్, సుజాకుల పోటీగా చెబుతారు. పోటీ నిజమే. లెలూష్ వెలివేతకు గురైన రాకుమారుడు. తనను విసిరేసిన బ్రిటానియా సామ్రాజ్యాన్ని కూలగొట్టడానికి ముసుగు వేసుకుని జీరోగా మారతాడు. సుజాకు ఆ సామ్రాజ్యం ఆక్రమించిన జపాన్ చివరి ప్రధాని కొడుకు. లోపలినుంచే మార్పు తేవాలని ఆక్రమించినవాళ్ల సైన్యంలో చేరతాడు. రాకుమారుడు తిరుగుబాటుదారు, ఓడిన దేశపు బిడ్డ సామ్రాజ్యపు సైనికుడు. ఈ తలకిందుల అమరికలోనే సగం కథ ఉంది. పరాయిపాలన చూసిన దేశాలవాళ్లకు ఏ పక్షం సరైనదన్న చర్చ ఊరికే పోదు. ఇంట్లో నలుగురు కలిసి చూస్తే నాలుగు అభిప్రాయాలు వస్తాయి.

కానీ లెలూష్ పైలట్‌గా అంతంతమాత్రం. అతని ఆయుధం చదరంగపు బుర్ర, కళ్లలోకి చూసి ఎవరినైనా ఒక్కసారి శాసించగల గియాస్ శక్తి. రోబోల మీద రోబోల పోరు కోసమే వస్తే, మీ కళ్లు నిలపాల్సింది సుజాకు, కాలెన్‌ల మీద. కాలెన్ సగం జపాన్, సగం బ్రిటానియా. బడిలో నీరసంగా, రోగిష్టి పిల్లలా నటిస్తుంది. రాత్రయితే ఎర్రటి గురెన్ రోబోలో ఎక్కి సుజాకు నడిపే తెల్లటి లాన్సెలాట్‌ను చీల్చడానికి వెళుతుంది. ముగ్గురూ ఒకే తరగతి గదిలో కూర్చుంటారు. అన్నట్టు ఆ గురెన్‌ను తయారుచేసింది రక్షత చావ్లా అనే భారతీయ శాస్త్రవేత్త. పొడవాటి పొగగొట్టం చేత్తో తిప్పుతూ, ఎవరినీ లెక్కచేయకుండా మాట్లాడే ఈమె కనిపించేది కొద్దిసేపే అయినా మరిచిపోలేం.

ఈ రోబోలు చిన్నవి, నాలుగైదు మీటర్ల ఎత్తు. కాళ్లకు చక్రాలు కట్టుకుని వీధుల్లో జారుతూ, తీగలు విసిరి మేడలు ఎక్కుతూ పోరాడతాయి. కాబట్టి వేగం కళ్లకు తెలుస్తుంది. మొత్తం 50 ఎపిసోడ్లు, రెండు విడతలు. మొదటి విడత బిగువు రెండో విడతలో లేదు. మలుపు మీద మలుపు వేసి ఊపిరి తీసుకోనివ్వరు, కొన్ని మలుపులు నమ్మశక్యంగానూ ఉండవు. అయినా ముగింపు మాత్రం దిమ్మతిరిగేలా కుదిరింది. 2017-18లో వచ్చిన మూడు సంక్షిప్త సినిమాల్లో కథను అక్కడక్కడా మార్చారు కాబట్టి వాటితో మొదలుపెట్టవద్దు.

మరో రెండు

"గన్‌డమ్ థండర్‌బోల్ట్" పెద్దవాళ్లకు మాత్రమే. మొదటి భాగాన్ని "డిసెంబర్ స్కై" పేరుతో 70 నిమిషాల సినిమాగా 2016లో తెచ్చారు. 1979 గన్‌డమ్ యుద్ధకాలంలోనే జరిగే పక్క కథ. ఒకవైపు అయో ఫ్లెమింగ్, కాక్‌పిట్‌లో జాజ్ సంగీతం గట్టిగా పెట్టుకుని చంపుకుంటూ వెళ్లేవాడు. మరోవైపు డారిల్ లోరెంజ్, యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్నవాడు, పాత ప్రేమపాటలు వింటూ దూరం నుంచి గురిచూసి కొట్టేవాడు. అవయవాలు పోయిన సైనికుల మీదే ప్రయోగాలు చేసి, వాళ్ల నరాలను నేరుగా రోబోకు కలుపుతుంది వాళ్ల సొంత సైన్యం. రేడియోలో జాజ్ వినబడిందంటే చావు దగ్గరికి వచ్చిందని అవతలివాళ్లకు తెలుసు. ఇద్దరి మధ్య ఏ పూర్వపరిచయమూ లేదు, ఏ ఆదర్శమూ లేదు. ఒకరి పాట ఒకరికి పడదు, అంతే. యుద్ధం మనుషులను ఏం చేస్తుందో ఇంత నిర్దయగా చూపించిన రోబో కథలు అరుదు. యానిమేలో కథ పూర్తికాదు, మాంగాలో, అంటే బొమ్మల కథల పుస్తకాల్లో, సాగింది. నెత్తురు, తెగిన అవయవాలు తట్టుకోలేనివాళ్లు దీని జోలికి వెళ్లకండి.

"ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ" 2022-23లో 24 ఎపిసోడ్లుగా వచ్చింది. గన్‌డమ్ ప్రధాన టీవీ సిరీస్‌లలో అమ్మాయి కథానాయిక కావడం ఇదే మొదలు. బడిలో విద్యార్థులు రోబోలతో ద్వంద్వయుద్ధాలు చేస్తారు; ఎదుటి రోబో తలమీది కొమ్ము విరిగితే ఆట అయిపోయినట్టు. మొదటి ఎపిసోడ్‌లోనే చిత్తుగా ఓడిపోయే గుయెల్ అనే పొగరుబోతు, చివరికి అందరికన్నా ఎక్కువ ఎదిగే పాత్ర అవుతాడు. ఇంట్లో పదహారేళ్ల పిల్లలుంటే వాళ్లతో కలిసి చూడటానికి దీన్ని మించింది లేదు. మొదటి విడత చివరి ఎపిసోడ్, అంటే పన్నెండోది, మాత్రం ముందు మీరు చూసి ఆ తర్వాత వాళ్లకు చూపించండి. బడి కథ అనుకుంటున్నది అక్కడ ఒక్కసారిగా నెత్తుటి ముద్దవుతుంది.

మరి ఏది ఎంచుకోవాలి

రోబోల యానిమే ఇదివరకు ఒక్కటి కూడా చూడనివాళ్లు, సినిమాలు ఇష్టపడి సీరియళ్లకు ఓర్పు లేనివాళ్లు మాక్రాస్ ప్లస్‌తో మొదలుపెట్టాలి. అది నచ్చాక 1979 గన్‌డమ్ మూడు సినిమాలు. ఈ రెండూ చూసినవాళ్లకు మిగతావన్నీ ఏ మేరకు వీటికి రుణపడి ఉన్నాయో వాటంతటవే అర్థమవుతాయి.

రాజకీయం, కుట్ర, "తర్వాత ఏమవుతుంది" అన్న ఉత్కంఠ లేకపోతే నిద్రపట్టేవాళ్లకు కోడ్ గియాస్. ఇందులో మాటలు ఎక్కువ, అవీ వేగంగా వస్తాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చకచకా చదవడం అలవాటు లేకపోతే మొదటి రెండు ఎపిసోడ్లు ఇబ్బందిపడతారు. వేగం కాస్త తగ్గించి చూడండి, తప్పేమీ లేదు. మాక్రాస్ ప్లస్‌లో ఈ బాధ తక్కువ, అక్కడ ఆకాశమే ఎక్కువ మాట్లాడుతుంది. డబ్బింగులో చూసే వీలున్నా 1979 గన్‌డమ్‌ను మాత్రం జపనీస్ గొంతులతోనే చూడమని నా విన్నపం. షార్‌కు షుయిచి ఇకెదా ఇచ్చిన గొంతు వినకపోతే ఆ ముసుగు వెనక ఉన్న మనిషి సగమే దొరుకుతాడు.

సీడ్‌ను, స్నేహం గురించిన కథలంటే కళ్లు చెమర్చేవాళ్లకు తప్ప, మొదటి ఎంపికగా చెప్పను. 50 ఎపిసోడ్లంటే సుమారు 20 గంటలు. అంత సమయం ఉంటే కోడ్ గియాస్ మొదటి విడత, గన్‌డమ్ మూడు సినిమాలు, మాక్రాస్ ప్లస్ అన్నీ కలిపి చూసేయవచ్చు. సీడ్ ఇదివరకే చూసి ఇష్టపడినవాళ్ల సంగతి వేరు. వాళ్ల కోసం 2024 జనవరిలో "సీడ్ ఫ్రీడమ్" సినిమా కూడా వచ్చింది.

ఏది ఏ వేదికలో దొరుకుతుందన్నది నెలనెలా మారుతుంది కాబట్టి ఇక్కడ జాబితా ఇవ్వడం వృథా. "గన్‌డమ్ ఇన్ఫో" అనే అధికారిక యూట్యూబ్ చానెల్‌లో కొన్ని సిరీస్‌లను కొంతకాలం ఉచితంగా పెడుతుంటారు; డబ్బు కట్టే ముందు ఒకసారి అక్కడ వెతకండి.

2025లో ప్రైమ్ వీడియోలో వచ్చిన 12 ఎపిసోడ్ల "జీక్వాక్స్" గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. కొత్తది, చిన్నది, రంగులు కన్నులపండువగా ఉన్నాయి కాబట్టి దానితోనే మొదలుపెడదామని అనిపిస్తుంది. వద్దు. 1979 కథలో అమురోకి దక్కిన గన్‌డమ్‌ను ఆ రోజు షారే ఎత్తుకుపోయి ఉంటే చరిత్ర ఎలా మారేది అన్న ఊహ మీద కట్టిన కథ అది. అసలు జరిగినదేమిటో తెలియనివాళ్లకు, జరగనిది చూసినా ఏమీ అనిపించదు. పాత సినిమాలు మూడూ ముగించాక అదే వారంలో దాన్ని పెట్టుకోండి.